న్యూటౌన్ పిప్పిన్ ఆపిల్: ఎవరైనా తిన్నారా, పెంచుతున్నారా?

విభాగం: పెరటి తోటలు – పండ్ల మొక్కలు

ఆష్‌బర్న్_అమ్మాయి | అక్టోబర్ 20

అందరికీ నమస్తే. మేం వర్జీనియాలో ఉంటాం. మొన్న శనివారం షార్లట్స్‌విల్ వైపు వెళ్లినప్పుడు ఒక తోట దగ్గర ఆగాం. షెడ్డులో ‘ఆల్బెమార్ల్ పిప్పిన్’ అని అట్టముక్క మీద రాసిన పెట్టె కనిపించింది. చూడ్డానికి అందంగా ఏమీ లేవు. ఆకుపచ్చ తొక్క, ఒక పక్కకి ఒరిగినట్టున్న ఆకారం, తొడిమ గుంట చుట్టూ తుప్పురంగు మరక. పేరు కొత్తగా ఉందని ఒక పెట్టె కొన్నాను, ఇరవై పౌండ్ల దాకా ఉంటాయి.

ఇంటికొచ్చి కోసి తింటే ఒకటే పులుపు! చివర్లో నాలుక మీద కాస్త వగరు కూడా తెలిసింది. గట్టిగా, కరకరలాడుతూ ఉంది, అది మాత్రం బాగుంది. మావారు ఒక ముక్క నోట్లో వేసుకుని “పచ్చట్లోకి పనికొస్తుందేమో చూడు” అన్నారు. షెడ్డులో ఉన్న పెద్దావిడ మాత్రం ఇవి ఇప్పుడు తినేవి కావు, క్రిస్మస్ దాటాక తీయండి అని చెప్పింది. అన్ని రోజులు ఆపిల్స్ ఎలా నిలవుంటాయి? ఈ రకం గురించి తెలిసినవాళ్లు చెప్పండి. పేరు గూగుల్ చేస్తే న్యూటౌన్ పిప్పిన్ అని వేరే పేరు కూడా వస్తోంది. రెండూ ఒకటేనా?

పుల్లటి_మాట | అక్టోబర్ 20

ఒకటే. కానీ ఒక మాట చెప్తా, తిట్టుకోకండి. ఈ ‘పాతకాలపు రకాలు’ అన్నింటికీ కథలెక్కువ, రుచి తక్కువ. రుచి నిజంగా అంత గొప్పదైతే కాస్ట్‌కోలాంటి పెద్ద షాపులో దొరికేది కదా. తియ్యటి హనీక్రిస్ప్ ఆపిల్ కొనుక్కుని హాయిగా తినండి.

పెరటి_పంతులు | అక్టోబర్ 20

పుల్లటి_మాట గారూ, కాస్ట్‌కోలో దొరక్కపోవడానికి రుచి కారణం కాదు, రంగు కారణం. దాని సంగతి తర్వాత చెప్తాను.

అమ్మాయీ, మీ పెట్టెలో ఉన్నది మంచి సరుకే. మా పెరట్లో ఈ చెట్టు ఒకటి ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

రెండు పేర్లూ ఒకే రకానివి. న్యూయార్క్‌లో పుట్టింది కాబట్టి అక్కడ న్యూటౌన్ పిప్పిన్. వర్జీనియాలో ఆల్బెమార్ల్ కౌంటీలో బాగా పండింది కాబట్టి ఇక్కడివాళ్లు తమ పేరు పెట్టుకున్నారు. ఒకప్పుడు ఈ రెండూ వేరు వేరు రకాలని ఇక్కడి రైతులు గట్టిగా వాదించేవాళ్లు. మట్టి, చలి, ఎండ మారితే కాయ మారుతుంది కాబట్టి వాళ్లకి అలా అనిపించడంలో వింత లేదు. బ్లూ రిడ్జ్ కొండల వాలుల్లో నల్లటి వదులు మట్టి ఉన్నచోట ఈ కాయ ప్రత్యేకంగా వస్తుంది. అలాంటి నేలని ఇక్కడ ‘పిప్పిన్ నేల’ అనేవాళ్లు. కాలిఫోర్నియాలో, ఓరెగాన్‌లో దీన్నే ఎల్లో న్యూటౌన్ అంటారు.

కాయ గుర్తులు: మధ్యస్థం నుంచి పెద్ద సైజు. గుండ్రంగా ఉండదు, ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. కోసేటప్పుడు ఆకుపచ్చ, నిలవుంటే పసుపు. ఎండ తగిలిన వైపు ఒక్కోసారి లేత గులాబీ ఛాయ. తొడిమ గుంటలో మీరు చూసిన ఆ తుప్పురంగు తెగులు కాదు, ఈ రకం లక్షణమే. లోపలి కండ తెల్లగా కాకుండా మీగడ రంగులో, గట్టిగా, సన్నటి పలుకుతో ఉంటుంది.

ఇక అసలు లక్షణం నిలవ. ఇక్కడ ఇది అక్టోబర్‌లో కోతకొస్తుంది. ఆ రోజు తిన్నవాడు దీన్ని తిడతాడు. డిసెంబర్‌లో తిన్నవాడు ఒప్పుకుంటాడు. ఫిబ్రవరిలో తిన్నవాడు మళ్లీ అక్టోబర్ ఎప్పుడొస్తుందా అని చూస్తాడు. ఫ్రిజ్‌లేవీ లేని రోజుల్లో నేలమాళిగల్లో పీపాల్లో పెట్టి మార్చి, ఏప్రిల్ దాకా తినేవాళ్లు.

ఆష్‌బర్న్_అమ్మాయి | అక్టోబర్ 21

చాలా థాంక్సండీ పంతులుగారూ. మరి ఫ్రిజ్‌లో ఊరికే పెట్టేస్తే చాలా? నిలవుంటే తియ్యగా ఎందుకవుతుంది, లోపల చక్కెర పెరుగుతుందా?

పెరటి_పంతులు | అక్టోబర్ 21

కోసేనాటికి కాయలో కొంత పిండిపదార్థం ఉంటుంది. చెట్టు నుంచి వేరైనా కాయ బతికే ఉంటుంది కదా, శ్వాసిస్తూనే ఉంటుంది. మొదటి కొన్ని వారాల్లో ఆ పిండి చక్కెరగా మారుతుంది. ఆ తర్వాత కాయలో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని మెల్లగా వాడేసుకుంటుంది. అంటే తీపి కొంత పెరుగుతుంది, పులుపు కొంత తగ్గుతుంది. మామూలు రకాల్లో ఇది జరిగేలోపు కాయ మెత్తబడి పిండిపిండిగా అయిపోతుంది. ఇందులో మొదటి నుంచీ పులుపు ఎక్కువ, కండ గట్టి. అందుకే పులుపు తగ్గాక కూడా తగినంత మిగులుతుంది, కరకర పోదు. వాసన కూడా ఆ నిలవలోనే పుడుతుంది.

నమ్మకం లేకపోతే టింక్చర్ అయోడిన్ తెచ్చుకోండి. మందుల షాపులో దొరుకుతుంది. ఒక కాయని అడ్డంగా సగానికి కోసి, కోసిన ముఖం మీద అయోడిన్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పిండి ఉన్నచోటంతా నల్లగా అవుతుంది, చక్కెరగా మారినచోట తెల్లగానే ఉంటుంది. మధ్యలో గింజల చుట్టూ ముందు తెల్లబడుతుంది, అక్కడి నుంచి బయటికి పాకుతుంది. కోత ఎప్పుడు మొదలుపెట్టాలో తోటలవాళ్లు ఇలాగే చూసుకుంటారు. అయోడిన్ రాసిన కాయ తినకండి, పారేయండి.

నిలవ పద్ధతి: కడగొద్దు. దెబ్బ తగిలినవి, పురుగు కన్నం ఉన్నవి, తొడిమ ఊడినవి పక్కన పెట్టి అవి ముందు వాడేయండి. మిగతావి చిల్లులున్న పాలిథిన్ సంచుల్లో వేసి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. సంచి లేకపోతే తొక్క ముడతలు పడుతుంది. ఆకుకూరలు, క్యారెట్లు అదే అరలో వద్దు. ఆపిల్ వదిలే ఇథిలీన్ వాయువుకి ఆకులు పసుపెక్కుతాయి, క్యారెట్ చేదెక్కుతుంది. వారానికోసారి చెయ్యి పెట్టి చూడండి. కుళ్లిన కాయ ఒక్కటున్నా తీసేయాలి.

ఎడిసన్_వంటిల్లు | అక్టోబర్ 21

అమ్మాయీ, పక్కన పెట్టిన దెబ్బకాయల సంగతి నేను చూసుకుంటా 😄 మీవారి మాట వినండి, పచ్చడి పెట్టండి!

మేం న్యూజెర్సీలో మామిడికాయ దొరకని రోజుల్లో గ్రానీ స్మిత్ అనే పుల్లటి ఆకుపచ్చ ఆపిల్‌తో ఆవకాయ పెట్టేవాళ్లం. ఇప్పుడు ఇండియన్ స్టోర్‌లో మామిడికాయ ఏడాది పొడుగునా వస్తోంది, అయినా మా పిల్లలు ఆపిల్ ఆవకాయే అడుగుతారు. ఒకసారి రైతుల సంతలో ఈ పిప్పిన్ దొరికితే దాంతో పెట్టాను. గ్రానీ స్మిత్ కంటే బాగా వచ్చింది. గ్రానీ స్మిత్‌లో నీరెక్కువ, రెండో రోజుకే ఊట పైకి తేలుతుంది. ఇది కండ గట్టి, ముక్క ముక్కలాగే ఉంటుంది. ఆ కొంచెం వగరు కూడా ఆవపిండితో కలిస్తే తెలియదు.

కొలత: తొక్కతోనే కోసిన ముక్కలు నాలుగు కప్పులు, ఆవపిండి అరకప్పు, కారం అరకప్పు, ఉప్పు పావుకప్పు, మెంతులు ఒక చెంచా, నువ్వుల నూనె ముక్కలు మునిగేంత, ఒక పెద్ద నిమ్మకాయ రసం. కాయ కడిగి బాగా తుడిచి ఆరబెట్టాకే కొయ్యాలి. కోసిన వెంటనే నిమ్మరసం కలిపితే రంగు మారదు.

మామిడికాయ ఆవకాయలాగా జాడీలో పెట్టి బయట ఉంచొద్దు. ఆపిల్‌లో అంత పులుపు లేదు, బూజు పడుతుంది. సీసాలో పెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండు మూడు వారాల్లో తినేయాలి.

పప్పులోకి కూడా బాగుంటుంది. కందిపప్పు ఉడికి మెదిపాక ముక్కలు వేసి ఐదు నిమిషాలు ఉడకనిస్తే చాలు. కుక్కర్లో పప్పుతో పాటు వేస్తే మాత్రం ఎంత గట్టి కాయైనా కరిగిపోతుంది.

చరిత్ర_పిచ్చి | అక్టోబర్ 22

నా పేరుకి తగ్గ చర్చ దొరికింది! పంతులుగారు న్యూయార్క్‌లో పుట్టిందన్నారు, ఆ కథ పూర్తిగా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

న్యూటౌన్ అనేది లాంగ్ ఐలాండ్‌లోని పాత ఊరు. ఇప్పుడది న్యూయార్క్ నగరంలో క్వీన్స్‌లో కలిసిపోయింది, ఎల్మ్‌హర్స్ట్ అంటారు. జాక్సన్ హైట్స్‌లో ఇడ్లీ తినడానికి వెళ్లేవాళ్లంతా ఆ పక్కనుంచే వెళ్తారు. అక్కడ మూర్ అనే కుటుంబం భూమిలో గింజ నుంచి దానంతటదే మొలిచిన చెట్టు ఇది. 1700ల మొదటి సగంలోనే పేరు పడింది. అంటు కట్టే కొమ్మల కోసం అందరూ ఎగబడి కోసి కోసి ఆ మొదటి చెట్టు చచ్చిపోయిందంటారు. అంటే 1800ల మొదట్లో.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉన్న కాలంలో ఇంటి నుంచి ఈ ఆపిల్స్ తెప్పించుకునేవాడు. అలా ఇంగ్లండ్ వాళ్లకి రుచి తెలిసింది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ అయితే వర్జీనియాలో మాంటిచెల్లో అనే తన కొండ మీద ఎస్టేట్ తోటలో ఇవి వేసుకున్నాడు. 1785లో ప్యారిస్ నుంచి రాసిన ఉత్తరంలో, మన న్యూటౌన్ పిప్పిన్‌తో పోల్చదగ్గ ఆపిల్ ఇక్కడ లేదని వాపోయాడు. ఫ్రాన్స్‌లో కూర్చుని ఆ మాట అనడానికి ఎంత ధైర్యం!

వర్జీనియాకి ఎలా వచ్చింది అంటే, డాక్టర్ థామస్ వాకర్ అని ఒకాయన. జెఫర్సన్‌కి చిన్నప్పుడు సంరక్షకుల్లో ఒకడు. 1755లో బ్రిటిష్ సేనాని జనరల్ బ్రాడక్ సైన్యానికి సరుకులు చూసే పనిలో ఉన్నాడు. ఆ యుద్ధంలో ఓడిపోయి తిరిగొస్తూ ఈ కొమ్మలు తెచ్చి ఆల్బెమార్ల్ కౌంటీలో తన క్యాజిల్ హిల్ ఎస్టేట్‌లో అంటు కట్టించాడని చెప్పుకుంటారు.

ఇక విక్టోరియా రాణి కథ. 1830ల చివర్లో ఆండ్రూ స్టీవెన్సన్ అమెరికా తరఫున లండన్‌లో రాయబారి. ఆయన భార్య శాలీ కోల్స్ పుట్టిల్లు ఆల్బెమార్ల్ కౌంటీలోనే. వాళ్లింటి తోట నుంచి వచ్చిన పిప్పిన్‌లు రాణికి కానుకగా పంపారు. రాణికి నచ్చి ఈ ఆపిల్ మీద దిగుమతి సుంకం తీసేయించిందని ఇక్కడ ప్రతి తోట బోర్డు మీదా రాసి ఉంటుంది. ఆ తర్వాత ఇంగ్లండ్‌కి పీపాలకి పీపాలు ఎగుమతి అయ్యాయి. ఓడ ప్రయాణం తట్టుకునే కాయ కదా, లివర్‌పూల్ చేరేసరికి తినడానికి సరిగ్గా పక్వానికొచ్చేది.

పుల్లటి_మాట | అక్టోబర్ 22

ఇందులో ఏది నిజం, ఏది బోర్డు మీద కథ?

చరిత్ర_పిచ్చి | అక్టోబర్ 22

మంచి ప్రశ్న. జెఫర్సన్ ఉత్తరం ఉంది, తోట లెక్కలు ఉన్నాయి, వాటిమీద గొడవ లేదు. వాకర్ కొమ్మల సంగతి కుటుంబంలో చెప్పుకుంటూ వచ్చిన కథ, జరగదగిన కథే. సుంకం సంగతి వచ్చేసరికి ప్రతివాళ్లూ తలో సంవత్సరం చెప్తారు. అందుకే నేను దాన్ని పూర్తిగా నమ్మను, ఇంగ్లిష్‌వాళ్లన్నట్టు చిటికెడు ఉప్పు చల్లుకునే తింటాను. పుల్లటి కాయ కదా, ఉప్పు బాగుంటుంది.

బే_ఏరియా_బుజ్జి | అక్టోబర్ 23

కాలిఫోర్నియా వాళ్లని మర్చిపోయారు! ఇక్కడ శాంటా క్రూజ్ దగ్గర పాహరో లోయ, వాట్సన్‌విల్ ఊరు. ఒకప్పుడు అక్కడ ఎటు చూసినా ఎల్లో న్యూటౌన్, బెల్‌ఫ్లవర్ తోటలేనట. ఇప్పుడు వెళ్తే ఎటు చూసినా స్ట్రాబెర్రీ మళ్లు, ప్లాస్టిక్ కప్పిన కయ్యలు. కొన్ని తోటలు మిగిలున్నాయి.

మీరందరూ ఈ ఆపిల్ తెలియకుండానే రుచి చూసి ఉంటారు. గుండ్రటి ఆపిల్ ఆకారం సీసాలో వచ్చే మార్టినెల్లీస్ జ్యూస్ తాగారా? థ్యాంక్స్‌గివింగ్‌కి పిల్లలకి షాంపేన్ బదులు పోస్తాం కదా, అదే. 1868 నుంచి వాట్సన్‌విల్‌లో ఉన్న కంపెనీ. వాళ్ల రసంలో న్యూటౌన్ ముఖ్యమైన రకం. రసం మరీ తియ్యగా లేకుండా ఆ చురుకు ఉండేది దీనివల్లే.

పంతులుగారూ, ఒక చిన్న చేర్పు. మా తీరప్రాంతంలో చల్లటి పొగమంచులో పండిన న్యూటౌన్‌కి ఒక జబ్బు ఉంది. మరీ గడ్డకట్టే చలి దగ్గర నిలవచేస్తే పైకి బాగానే ఉంటుంది, కోస్తే లోపల కండ గోధుమరంగులోకి మారిపోయి ఉంటుంది. అందుకని ఇక్కడివాళ్లు దీన్ని 38–40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచుతారు. వేరే ఆపిల్స్‌లాగా 32 దగ్గర పెట్టరు.

పెరటి_పంతులు | అక్టోబర్ 23

బుజ్జీ, బాగా చెప్పారు. ఇంట్లో ఫ్రిజ్ మామూలుగా 37–40 మధ్యే ఉంటుంది, కాబట్టి అమ్మాయిగారికి బెంగ లేదు.

రంగు సంగతి చెప్తానన్నాను. ఇరవయ్యో శతాబ్దంలో సూపర్ మార్కెట్లు వచ్చాక ఆపిల్ అంటే ఎర్రగా, ఒకే సైజులో, మచ్చలేకుండా ఉండాలన్నది ఖాయమైపోయింది. రెడ్ డెలీషియస్ రాజ్యం అది. ఆకుపచ్చ కాయ కనబడితే జనం వంటకాయ అనుకున్నారు. ఆ ఒక్క ఆకుపచ్చ స్థానాన్ని గ్రానీ స్మిత్ ఎగరేసుకుపోయింది. అది ఒకే ఆకారంలో నిగనిగలాడుతూ ఉంటుంది, మన పిప్పిన్ తుప్పు ముఖం వేసుకుని ఉంటుంది. దానికితోడు రైతు వైపు కష్టాలు కూడా ఉన్నాయి. కాపు రావడానికి ఏళ్లు పడుతుంది, ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు బద్ధకిస్తుంది, కాయ మీద మచ్చలు పడే స్కాబ్ తెగులు త్వరగా పడుతుంది. అమ్మే రోజున రుచి ఉండదు, అమ్మిన మూడు నెలలకి ఉంటుంది. ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

సిమ్లా_రిటర్న్ | అక్టోబర్ 25

ఆసక్తికరమైన చర్చ. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు హిమాచల్‌లో ఉన్నాను. అక్కడ తోటలవాళ్లు ఎల్లో న్యూటన్ అంటారు. ఆలస్యంగా కోతకొచ్చే రకాల్లో ఒకటి.

ఇది ఇండియాకి కొత్తదేమీ కాదు. 1870లో కెప్టెన్ లీ అనే ఇంగ్లిష్ ఆయన కులూ లోయలో బంద్రోల్ దగ్గర తోట వేసినప్పుడు తెచ్చిన రకాల్లో న్యూటౌన్ పిప్పిన్ ఉంది, కాక్స్ ఆరెంజ్ పిప్పిన్ ఉంది. ఇంగ్లిష్‌వాళ్లకి పులుపు కలిసిన ఆపిల్ ఇష్టం. మనవాళ్లకి తియ్యగా ఉంటేనే ఆపిల్. అందుకే ఆ రకాలు కొండల్లో పెద్దగా పాకలేదు. 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అమెరికా నుంచి రెడ్ డెలీషియస్ మొక్కలు తెప్పించి కోట్‌గఢ్‌లో నాటాక హిమాచల్ కథే మారింది. ఆయన ఫిలడెల్ఫియా మనిషి, ఇండియాలోనే పెళ్లి చేసుకుని తర్వాత సత్యానంద్ అయ్యాడు. ఇవాళ హైదరాబాద్‌లో మనం సిమ్లా ఆపిల్ అని కొనేది చాలామటుకు ఆ డెలీషియస్ సంతతే.

మన్యం_కుర్రాడు | అక్టోబర్ 26

అందరికీ నమస్కారం. మాది పాడేరు దగ్గర. లంబసింగిలో డిసెంబర్‌లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది కదా, అక్కడ ఈ రకం పండుతుందా? మా బాబాయికి చింతపల్లి వైపు కొంచెం భూమి ఉంది. యూట్యూబ్ చూసి ఆపిల్ మొక్కలు తెస్తానని ఒకటే హడావుడి చేస్తున్నాడు.

పెరటి_పంతులు | అక్టోబర్ 26

నాన్నా, బాబాయిని ఈ రకం జోలికి వెళ్లొద్దని చెప్పు.

ఆపిల్ చెట్టు చలికాలంలో నిద్రపోవాలి. సుమారు ఏడు డిగ్రీల సెల్సియస్‌కి లోపు చలి ఎన్ని గంటలు తగిలిందో మొగ్గ లెక్కపెట్టుకుంటుంది. ఇలాంటి పాత చలిదేశపు రకాల్లో చాలావాటికి 800 నుంచి 1000 గంటలు కావాలి. లంబసింగిలో తెల్లవారుజామున వణుకు పుడుతుంది, నిజమే. కానీ పదకొండు గంటలకి స్వెటర్ తీసేస్తాం కదా! రోజులో చలి నాలుగైదు గంటలు, అదీ కొన్ని వారాలే. అలాంటిచోట ఈ చెట్టు చావదు, కానీ సరిగా చిగురించదు. కొమ్మ చివర నాలుగు ఆకులు వేసి అలాగే నిలబడుతుంది. పూత అరకొర, కాపు సున్నా.

తక్కువ చలితో కాసే రకాలు వేరే ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో పుట్టిన ఆనా, బహామాస్‌లో పుట్టిన డార్సెట్ గోల్డెన్, మన హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99. ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా ఇచ్చారు.

ఓరుగల్లు_బిడ్డ | అక్టోబర్ 26

తమ్మీ, మా తెలంగాణలో కూడా కాసినయ్. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఒక రైతు ఆ హెచ్‌ఆర్‌ఎంఎన్-99 వేసిండు, హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ సైంటిస్టులు సాయం చేసిన్రు. పేపర్లల్ల వచ్చింది. కాకపోతే ఎకరాలకి ఎకరాలు వేయకముందే పది మొక్కలు పెట్టి చూస్కోమను. ఆపిల్ కాయడం వేరే, ఆ కాయకి మార్కెట్ల రేటు రావడం వేరే.

మన్యం_కుర్రాడు | అక్టోబర్ 27

అర్థమైంది అన్నా. కాఫీ, మిరియాలే బెటర్ అని చెప్తా 🙏

మోడరేటర్ | అక్టోబర్ 27

మంచి చర్చ. మన్యంలో ఆపిల్ సాగు మీద ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు వేరే చర్చ తెరవండి. ఇక్కడ పిప్పిన్ గురించే ఉంచుదాం.

ఆష్‌బర్న్_అమ్మాయి | జనవరి 11

అందరికీ హ్యాపీ న్యూ ఇయర్, సంక్రాంతి శుభాకాంక్షలు ముందుగానే. రిపోర్ట్ ఇవ్వడానికి వచ్చాను.

దెబ్బకాయలు ఎడిసన్ అక్క చెప్పినట్టే ఆవకాయ పెట్టాను. వారం తిరక్కుండా అయిపోయింది, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరమే రాలేదు. మిగతావి సంచుల్లో పెట్టాను. రెండు కుళ్లితే తీసేశాను.

అయోడిన్ పరీక్ష మా అబ్బాయి సైన్స్ ప్రాజెక్ట్ అయిపోయింది. అక్టోబర్‌లో కోసిన ముక్క అంచుల దాకా నీలం నలుపు, మధ్యలో గింజల చుట్టూ మాత్రం చిన్న తెల్లటి పువ్వు ఆకారం. థ్యాంక్స్‌గివింగ్ నాటికి తొక్క కింద సన్నటి నల్లగీత మాత్రమే మిగిలింది. క్రిస్మస్ సెలవుల్లో రాస్తే అసలు రంగే రాలేదు, అయోడిన్ పసుపు అలాగే ఉండిపోయింది. మూడు ఫొటోలూ పక్కపక్కన అతికించి స్కూల్‌కి తీసుకెళ్లాడు.

రుచి గురించి: తొక్క ఇప్పుడు పూర్తి పసుపు, చేత్తో పట్టుకుంటే కాస్త జిడ్డుగా మైనం రాసినట్టు ఉంది. కొరికితే ఇంకా కరకరలాడుతోంది. పులుపు ఉంది కానీ మొదట్లోలా మొహం ముడుచుకునేంత కాదు. తీపి తర్వాత మెల్లగా తెలుస్తోంది. అన్నిటికంటే వాసన! కమలాపండు తొక్క గిల్లినప్పుడు వస్తుందే, ఆ ఘాటు. అక్టోబర్‌లో ఇది బొత్తిగా లేదు. ఆ వగరు మాత్రం పూర్తిగా పోలేదు, టీ తాగాక నోట్లో మిగిలినంత. నాకది బాగుంది, మావారికి నచ్చలేదు.

బే_ఏరియా_బుజ్జి | జనవరి 11

ఆ జిడ్డు సహజంగా పుట్టే మైనమేనండీ. నిలవలో కాయ తనే వేసుకుంటుంది. షాపులో పూసే మైనంలాంటిది కాదు, తుడుచుకుని తినేయొచ్చు.

ఒక ముక్క పాత చెద్దార్ చీజ్‌తో తినండి, మీవారు కూడా దారిలోకి వస్తారు.

పుల్లటి_మాట | జనవరి 12

సరే, నేనూ ఊరుకోలేదు. డిసెంబర్‌లో మా ఊరి సహకార దుకాణంలో దొరికితే కొని ఫ్రిజ్‌లో పెట్టి ఇప్పుడు తిన్నాను. బాగుంది. కాదనను.

కానీ నా వాదన వేరే ఉంది. ఇవే గుణాలు గోల్డ్‌రష్ అనే ఆపిల్‌లో ఉన్నాయి. అది 1990లలో పర్డ్యూ, రట్గర్స్, ఇల్లినాయ్ యూనివర్సిటీలు కలిసి విడుదల చేసిన రకం. అదీ అక్టోబర్ చివర్లో పుల్లగా కోతకొస్తుంది, ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉండి తియ్యబడుతుంది. పైగా స్కాబ్ తెగులు పట్టకుండా జన్యువు పెట్టి మరీ సంకరం చేశారు. మందు కొట్టే బాధ తక్కువ, కాపు త్వరగా వస్తుంది. మూడు వందల ఏళ్ల నాటి బలహీనమైన రకాన్ని పెరట్లో పెట్టుకుని ప్రతి వసంతంలో మందు డబ్బా మోయడం ఎందుకు? జెఫర్సన్ తిన్నాడనా?

పెరటి_పంతులు | జనవరి 12

ఇది మాత్రం గట్టి వాదన. పెరట్లో ఒకే ఆపిల్ చెట్టుకి చోటుండి, మందులు కొట్టే ఓపిక లేనివాళ్లకి నేనూ గోల్డ్‌రష్షే చెప్తాను. కాకపోతే మీ ఇంటి చుట్టూ సీడర్ చెట్లుంటే దానికి తుప్పు తెగులు బాగా పడుతుంది, ఆ సంగతి నర్సరీ వాళ్లు చెప్పరు.

రుచిలో మాత్రం రెండూ ఒకటి కాదు. గోల్డ్‌రష్‌లో తీపి ముందుకొస్తుంది, మసాలా ఘాటు ఉంటుంది. పిప్పిన్‌లో ఆ కమలా వాసన, వగరు. వగరు కావాలనే సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టి చేసే పానీయం) తయారుచేసేవాళ్లు దీన్ని వెతుక్కుంటారు. షార్లట్స్‌విల్ కింద నార్త్ గార్డెన్‌లో ఆల్బెమార్ల్ సైడర్‌వర్క్స్ వాళ్లు ఉన్నారు, వెళ్తే రుచి చూడండి.

ఇంకో సంగతి. ఆపిల్‌కి గింజ వేస్తే తల్లి రకం రాదు. మన ఇళ్లలో చిన్నరసం, కొత్తపల్లి కొబ్బరి మామిడి ఎలా అంటుతోనే నిలిచాయో ఇదీ అంతే. మూడు వందల ఏళ్ల కింద న్యూటౌన్‌లో మొలిచిన ఆ ఒక్క చెట్టు కొమ్మే, ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ ఇక్కడిదాకా వచ్చింది. నలుగురు పెంచడం మానేస్తే రకం పోతుంది. గోల్డ్‌రష్ పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు లెండి.

పుల్లటి_మాట | జనవరి 12

అది మనసు వాదన. నా పెరడు చిన్నది, నాది స్థలం వాదన. నేను గోల్డ్‌రష్షే పెడతాను.

ఆష్‌బర్న్_అమ్మాయి | జనవరి 13

మాకు ఎండ తగిలే చోటు ఒకటి ఉంది, ఇంటి వెనక వాలు మీద. పంతులుగారూ, మీ చెట్టు కొమ్మ ఇస్తారా? నేను అంటు ఎప్పుడూ కట్టలేదు. చెట్టు ఒక్కటే ఉంటే కాపు వస్తుందా?

పెరటి_పంతులు | జనవరి 13

తప్పకుండా ఇస్తాను. ఒంటరిగా ఉన్నా కొంత కాస్తుంది, కానీ పక్కన అదే సమయంలో పూసే వేరే రకం ఆపిల్ ఏదైనా ఉంటే కాపు బాగుంటుంది. మీ వీధిలో ఎవరింట్లోనైనా క్రాబాపిల్ (చిన్న కాయల ఆపిల్ చెట్టు) ఉన్నా చాలు, తేనెటీగలు చూసుకుంటాయి.

చెట్టు నిద్రలో ఉండగానే కొమ్మలు కొయ్యాలి. ఫిబ్రవరి మధ్యలో కోస్తాను. పోయిన ఏడాది పెరిగిన రెమ్మలు, పెన్సిల్ లావువి. మీరు ఈలోపు వేరుమొక్క (అంటు కట్టడానికి కింద వేరుగా ఉండే మొక్క) ఆర్డర్ పెట్టుకోండి. చిన్న పెరడు కాబట్టి జి.41 అనే వేరుమొక్క రకం చూడండి. అది పొట్టిగా ఉంచుతుంది, కానీ అంటు అతుకు పెళుసు కాబట్టి జీవితాంతం కర్ర కట్టాలి. కర్ర వద్దనుకుంటే ఎంఎం.111 అనే రకం, చెట్టు పెద్దదవుతుంది, కాపుకి ఆగాలి.

జి.41 చెప్పడానికి ఇంకో కారణం, ఈ పిప్పిన్ రకానికి ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు భయం ఉంది. పూత సమయంలో వాన, ఉక్క కలిస్తే వస్తుంది. కొమ్మ చివర కాలినట్టు నల్లబడి గొర్రెలకాపరి కర్ర కొక్కెంలా వంగుతుంది. అలా కనబడితే ఎండిన భాగం దగ్గర కాకుండా ఒక అడుగు కిందికి, పచ్చి కొమ్మలో కోసెయ్యాలి, ప్రతి కోతకీ కత్తెర స్పిరిట్‌తో తుడవాలి. జి.41 ఆ తెగులుని తట్టుకుంటుంది. పై కొమ్మలకి రాకుండా ఆపదు, కానీ వేరు చావదు.

అంటు ఏప్రిల్ మొదట్లో, వేరుమొక్క మొగ్గలు ఉబ్బేటప్పుడు కడదాం. మా ఇంటికి రండి, ఒకటి నేను కట్టి చూపిస్తా, రెండోది మీరు కట్టండి. మా ఆవిడ భోజనం పెడుతుంది.

ఎడిసన్_వంటిల్లు | జనవరి 13

పంతులుగారూ, నాకో రెండు రెమ్మలు పోస్టులో పంపగలరా? ఖర్చు నాది. ఫ్రిజ్‌లో పెట్టుకుంటా ఏప్రిల్ దాకా.

పెరటి_పంతులు | జనవరి 14

పంపుతాను, అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి, ఇక్కడ రాయొద్దు. తడి కాగితంలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి పంపుతాను. రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. ఒక జాగ్రత్త: ఆ ఫ్రిజ్‌లో ఆపిల్ పండ్లు ఉండకూడదు. పండు వదిలే ఇథిలీన్‌కి రెమ్మల మీద మొగ్గలు చచ్చిపోతాయి. మీ గ్రానీ స్మిత్‌లన్నీ అప్పటికి ఆవకాయ పెట్టేయండి.